అమ్మ సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేద్దామనుకుంటున్నాం. ఏం రాయాలో చెప్పండి

మన్నేటి ఒడ్డు రాశారు:

అందరికీ నమస్కారం. మాది కందుకూరు దగ్గర పల్లె. పోయిన నెల మా అమ్మ పోయింది. డెబ్బై దాటిన మనిషి. గొడ్లకు మేత వేసి వచ్చి గుండెలో నొప్పిగా ఉందంది, ఆటో వచ్చేలోపే వెళ్లిపోయింది. పెద్దకర్మ కూడా అయిపోయింది.

అన్నయ్య, అక్క, నేను కూర్చుని మాట్లాడుకున్నాం. సంవత్సరీకానికి పేరు చెక్కిన స్టీలు గిన్నెలు పంచడం కాకుండా, అమ్మ గురించి చిన్న పుస్తకం వేసి చుట్టాలకూ ఊళ్లోవాళ్లకూ ఇద్దామని అనుకున్నాం. ప్రెస్సులో నమూనాలు చూపించారు. అన్నింట్లో ప్రేమమూర్తి, త్యాగమూర్తి, పుణ్యస్త్రీ. ఫొటో, పేరు మారిస్తే ఏ ఇంటావిడకైనా సరిపోతాయి. మా అమ్మ వాటిల్లో నాకు కనిపించలేదు.

బీరువాలో కాగితాలన్నీ తీసి చూశాం. పొలం పాస్‌బుక్ నాయన పేరు మీద ఉంది. పొగాకు బోర్డు రిజిస్ట్రేషన్ నాయన పేరు మీదే. వేలం చీటీలు, బ్యాంకు అప్పు, ఎరువుల కొట్టు ఖాతా అన్నీ నాయన పేరే. అమ్మ పేరు ఉన్నవి ఆధార్, రేషన్ కార్డు, పొదుపు సంఘం పుస్తకం. ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె చేలో, పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర, గొడ్ల చావిట్లో పనిచేస్తూ ఉండటమే చూశాను. ఆ పని ఏ కాగితంలోనూ లేదు. ఈ పుస్తకంలోనైనా ఉండాలని నా కోరిక. ఎట్లా రాయాలో తెలియడం లేదు. ఇట్లాంటివి రాసినవాళ్లు, మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లు చెప్పండి.


నల్లబల్ల మాస్టారు రాశారు:

అమ్మా, మీ అమ్మగారి ఆత్మకు శాంతి కలగాలి. నేను రిటైరైన తెలుగు పండితుణ్ణి. సంవత్సరీకం పుస్తకాలు కొన్నింటికి చేయి సాయం చేశాను. ఒక్క మాట చెబుతాను. గుణాలు రాయకండి, పనులు రాయండి. "కష్టజీవి" అని రాస్తే చదివినవాడు తల ఊపి పేజీ తిప్పేస్తాడు. తెల్లారుజామున ఎన్నింటికి లేచేది, మొదట ఏం ముట్టుకునేది, ఏ నెలలో ఏ పని, ఎవరితో కలిసి చేసేది, కూలి ఎంత వచ్చేది, ఆ డబ్బు ఎక్కడ దాచేది. ఇవి రాస్తే ఆమె కష్టజీవి అని మీరు వేరే చెప్పక్కర్లేదు.

ఇంకొకటి. మీ కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ ఏడు ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 2022లో మళ్లీ నెల్లూరులో కలిపారు. మీ అమ్మగారు పుట్టినిల్లు, మెట్టినిల్లు తప్ప ఎక్కడికీ కదలకుండానే ఇన్ని జిల్లాల మనిషి అయ్యారు. మొదటి పేజీలో ఊరు, జిల్లా రాసేటప్పుడు ఇది గుర్తు పెట్టుకోండి. మనవళ్లకు పాత దస్తావేజులు చూసినప్పుడు తికమక ఉండదు.

పొగాకు పని గురించి మీరే రాయాలి. మాకు బయట నుంచి చూసిందే తెలుసు.


కోవూరు మాగాణి రాశారు:

అక్కా, మా అవ్వ పోయి చాలా కాలమైంది. మాది పెన్నా కింద మాగాణి. ఆమె నాట్ల ముఠాకు పెద్ద. ఎవరి చేను ముందు, ఎవరిది తర్వాత అన్నది ఆమే చెప్పేది. రైతులు ఇంటికొచ్చి బతిమాలుకునేవాళ్లు. మొలగొలుకుల వరి వేసే రోజుల్లో ఆ వడ్లు ఇంటికొస్తే ఏడాదిదాకా ముట్టనిచ్చేది కాదు, పాతబడితేనే అన్నం అన్నం లాగా ఉంటుందని.

ఆమె గురించి మేం ఏదీ రాసి పెట్టుకోలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆ ముఠాలో ఉన్నవాళ్లు ఒకరిద్దరే మిగిలారు. మీ అమ్మగారితో కలిసి పనిచేసినవాళ్లు ఉంటే ముందు వాళ్ల దగ్గర కూర్చోండి. పుస్తకం ఎప్పుడైనా వేసుకోవచ్చు.

రొట్టెల పండక్కి వెళ్లే అలవాటు ఉందా మీ ఇంట్లో? మా అవ్వ ప్రతి మొహర్రానికి నెల్లూరు బారాషహీద్ దర్గాకు పోయేది. స్వర్ణాల చెరువులో దిగి నా కోసం చదువు రొట్టె పట్టుకుంది. నేను పాసయ్యాక మరుసటేడు తనే రొట్టెలు చేసుకుపోయి, చదువు కావాలనుకునే పిల్లలకు ఇచ్చి వచ్చింది. ఇట్లాంటివి కూడా రాయండి. పని మాత్రమే కాదు, ఆమె ఏం కోరుకుందో కూడా ఉండాలి.


చిన్న మనవడు రాశారు:

పిన్నీ, లింక్ పంపావు కదా, అందుకే ఇక్కడే రాస్తున్నా. అమ్మమ్మ గురించి నాకు గుర్తున్నవి.

వేసవి సెలవులకు వచ్చినప్పుడు తను చేత్తో ముద్ద కలిపి పెట్టేది కాదు. అందరి అమ్మమ్మలు పెడతారు, నువ్వెందుకు పెట్టవు అని ఏడ్చేవాణ్ణి. ఉదయగిరి కొయ్య చెంచాతో తినిపించేది. పెద్దయ్యాక అమ్మ చెప్పింది, పొగాకు జిగురు చేతికి పట్టి సబ్బుతో కడిగినా పోదని, ఆ చేత్తో కలిపితే అన్నం చేదెక్కుతుందని. ఆకును రకాలుగా వేరుచేసే గ్రేడింగ్ అయిపోయి పొలం పనులు లేని నెలల్లో మాత్రం పెద్ద పెద్ద ముద్దలు పెట్టేది. చింతాకు పప్పు, నెయ్యి.

ఇంకొకటి, ఫోన్ చేస్తే మొదటి మాట "తిన్నావా అబ్బయా", రెండో మాట "వాన పడిందా ఆడ". బెంగళూరులో వాన పడితే తనకేం ఉపయోగం అని అడగలేదు ఎప్పుడూ. నా దగ్గర వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు ఉన్నాయి. ఫోన్ మార్చేలోపు వాటిని కాపీ చేసి పెడుతున్నాను. అన్నీ నీకు పంపిస్తా.


మన్నేటి ఒడ్డు రాశారు:

మాస్టారు గారూ, మీరు చెప్పినట్టే మొదలుపెట్టాను. రాసింది ఇక్కడ పెడుతున్నాను, బాగుందో లేదో చెప్పండి. పొగాకు తెలియని వాళ్లకు అర్థమయ్యేట్టు రాయాలని ప్రయత్నం.

మా వైపు నల్లరేగడి. అక్టోబరు, నవంబరుల్లో పదునులో నాట్లు వేస్తారు. మొక్క పూత మీదికి వచ్చాక తలలు తుంచాలి, లేకపోతే ఆకుకు బలం ఉండదు. తుంచాక పిలకలు వస్తాయి. అవి తీయడం ఆడవాళ్ల పని, వంగి వంగి సాలు సాలుకూ పోవాలి. సంక్రాంతి అటూ ఇటుగా రెలుపులు, అంటే ఆకు కోతలు మొదలు. కింది ఆకు ముందు పండుతుంది, అందుకని కింది నుంచి పైకి విడతలు విడతలుగా కోస్తారు. కోసిన ఆకును ఆ రోజే కర్రలకు అల్లి బ్యారన్‌లో ఎక్కించాలి. అమ్మ చెట్టుకింద కూర్చుని అల్లుతుంటే పక్కన ఇద్దరు ఆకు అందించాలి. అందించేవాళ్లు వెనకబడేవాళ్లు, ఆమె కాదు.

బ్యారన్ కాల్చడం ఐదారు రోజులు. మొదట సన్న సెగ మీద ఆకు పసుపు రంగుకు తిరగాలి. తొందరపడి సెగ పెంచితే ఆకు పచ్చగానే ఎండిపోతుంది. ఆలస్యం చేస్తే మచ్చలు పడతాయి. రెండింటిలో ఏది జరిగినా రేటు పోతుంది. రంగు తిరిగాక సెగ మెల్లిగా పెంచుకుంటూ పోయి ఆకు ఆరబెట్టాలి, ఆఖర్న ఈనె ఎండేదాకా 160 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు తీసుకుపోవాలి. పగలు నాయన చూసేవాడు. రాత్రి అమ్మ. గోతం పరుచుకుని బ్యారన్ గుమ్మం దగ్గరే పడుకునేది. అద్దంలోంచి టార్చి వేసి థర్మామీటర్ చూసేది. మా అమ్మకు అక్షరాలు రావు. అంకెలు మాత్రం బాగా వచ్చు. ఆ అంకెలు ఆమెకు నేర్పింది బడి కాదు, థర్మామీటరూ, సంతలో తక్కెడా.

పొయ్యిలో కట్టె సర్దుతూ బూడిదలో చిలగడదుంపలు పెట్టేది. మేం ముగ్గురం అక్కడే చదువుకునేవాళ్లం. అక్క పదో తరగతి పరీక్షలకు చదివింది ఆ వెలుగులోనే.

ఆకు దించాక మండె వేసి, అంటే కుప్పగా పేర్చి, తర్వాత గ్రేడింగ్. ఇది అమ్మకు వచ్చినట్టు మా ఊళ్లో ఎవరికీ రాదు. ఆకు వేళ్ల మధ్య పెట్టి ఒకసారి నిమిరి, వెలుగుకు పట్టి, బ్రైటో మీడియమో లోగ్రేడో చెప్పేసేది. వేలంలో కొనేవాళ్ల కళ్లు ఎక్కడ పడతాయో ఆమెకు తెలుసు. ఒక్కసారి కూడా వేలం కేంద్రం లోపలికి వెళ్లలేదు. నాయన వచ్చి ఏ బేలుకు, అంటే ఏ ఆకు మూటకు ఎంత పలికిందో చెప్పేదాకా తినేది కాదు.


పల్లె నర్సు రాశారు:

చదివాను అక్కా. పొగాకు ఊళ్లలో పనిచేశాను కాబట్టి ఒక మాట. తడి ఆకు మధ్య పనిచేసేవాళ్లకు, ముఖ్యంగా మంచు ఉన్న పొద్దున పూట, ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. తల తిరగడం, వాంతులు, నీరసం. రెలుపుల కాలంలో ఆడవాళ్లు ఇట్లా వచ్చేవాళ్లు. వేడి చేసిందనో దిష్టి తగిలిందనో అనుకునేవాళ్లు. మీ అమ్మగారికి ఇది ఉండేదా? ఉంటే రాయండి. ఆ పనిలో ఇప్పుడున్నవాళ్లకు పొడుగు చేతుల చొక్కా, చేతులకు గ్లౌజులు వేసుకోవాలని, మంచు ఆరాక చేలోకి దిగాలని తెలుస్తుంది.


మన్నేటి ఒడ్డు రాశారు:

ఉండేది అమ్మా. వాంతి చేసుకుని, నోరు కడుక్కుని, మజ్జిగ తాగి మళ్లీ సాలులోకి పోయేది. పైత్యం అనుకునేవాళ్లం. ఇది తప్పకుండా రాస్తాను.


కనిగిరి బేల్దారి రాశారు:

అక్కా, మా వైపు కథ వేరు. మాది కనిగిరి. వాన తక్కువ, నీళ్లలో ఫ్లోరైడ్. మా అమ్మా నాన్నా ఇళ్లు కట్టే బేల్దారి పనికి హైదరాబాదు పోతే నన్నూ తమ్ముణ్ణీ పెంచింది మా నాయనమ్మే. మా ఊళ్లో ఇట్లా పెరిగిన పిల్లలు చాలామంది. బడికి పంపేది, జ్వరమొస్తే మోసుకుపోయేది, ఫీజుకు మేకను అమ్మేది నాయనమ్మే. ఆ నీళ్లు తాగీ తాగీ ఆమె మోకాళ్లు వంగిపోయాయి, మెడ తిరిగేది కాదు. అయినా మంచినీళ్ల కోసం బిందె పట్టుకుని పోయేది, మా ఇద్దరికి మాత్రం ఇంటి బోరు నీళ్లు పడనిచ్చేది కాదు. నా పళ్లు తెల్లగా ఉన్నాయంటే ఆ బిందెల వల్లే. ఆమె పళ్లకు మాత్రం పసుపు చారలే.

ఆమె ఉన్నప్పుడు మేం అమ్మా నాన్న కష్టపడి మమ్మల్ని చదివించారు అని చెప్పేవాళ్లం. అది నిజమే. కానీ నాయనమ్మ పేరు ఆ మాటలో ఉండేది కాదు. ఇప్పుడు చెబుతున్నా.


మన్నేటి ఒడ్డు రాశారు:

తమ్ముడూ, మీ నాయనమ్మ గురించి చదివి చాలాసేపు ఊరుకున్నాను.

ఇక అసలు చిక్కు అడుగుతాను. మా ఇంట్లో దీని మీద మాటా మాటా వచ్చింది. మేం చిన్నగా ఉన్నప్పుడు నాయన బాగా తాగేవాడు. సారా ప్యాకెట్లు ఊళ్లోకి వచ్చిన రోజులవి. కూలి డబ్బులు ఇంటికి వచ్చేవి కాదు. అమ్మ గ్రేడింగ్‌కు వేరేవాళ్ల షెడ్డుకు పోయి, వచ్చిన కూలిని బియ్యం కొట్టు ఆయన దగ్గరే ఉంచేది, ఇంటికి తెచ్చేది కాదు. కొట్టాయన చీటీ రాసుకుని బియ్యం ఇచ్చేవాడు. మేం పస్తులుండకపోవడానికి ఆ ఏర్పాటే కారణం.

ఇది పుస్తకంలో రాయాలని నేనంటాను. అన్నయ్య వద్దంటాడు. నాయన ఇంకా ఉన్నాడు, ఎనభైకి దగ్గరగా ఉన్నాడు, మానేసి చాలా ఏళ్లయింది. ఆయన్ను ఊళ్లో తలదించుకునేట్టు చేస్తావా అని అన్నయ్య అడిగాడు. మీరేమంటారు?


అద్దంకి పెద్దాయన రాశారు:

మీ అన్నయ్య మాటే సరి అమ్మా. చనిపోయినామె పుణ్యతిథికి వేసే పుస్తకంలో బతికున్న భర్తను నిలబెట్టకూడదు. ఆమె ఉంటే ఒప్పుకునేదా? ఆడవాళ్లు ఇంటి గుట్టు కాపాడటానికి ఎంత అవస్థ పడ్డారో మన తరానికి తెలుసు. ఆమె కాపాడిందాన్ని మీరు విప్పడం నాకు నచ్చలేదు. కోపగించుకోవద్దు, మనసులో మాట చెప్పాను.


దూబగుంట దగ్గర రాశారు:

పెద్దాయనా, మీ మీద గౌరవంతోనే రాస్తున్నాను, నేను ఒప్పుకోను. మాది కలిగిరి మండలం. 1992లో సారా మీద తిరగబడిన ఊళ్లలో మాదీ ఒకటి. దూబగుంట రోశమ్మ గారి పేరు అందరికీ తెలుసు. ఆమె వెనక పేరు తెలియని ఆడవాళ్లు వందల మంది నిలబడ్డారు. అందులో మా అమ్మమ్మ ఒకతి.

అప్పట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జోరుగా నడిచింది. రాత్రి బడిలో దీపం కింద కూర్చున్న ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకుంటూ తమ ఇళ్లలో ఏం జరుగుతోందో ఒకరికొకరు చెప్పుకున్నారు. గుట్టు అన్నారే, ఆ గుట్టు అక్కడ విప్పుకున్నారు కాబట్టే ప్రతి ఇంట్లోనూ అదే బాధ అని తెలిసింది. చీపురుకట్టలు పట్టుకుని సారా వచ్చే బండిని ఊరి బయటే ఆపారు. దుకాణం మూయించారు. సారా వేలం పాటలు జరగనివ్వకుండా కలెక్టరాఫీసు దాకా పోయారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995లో మొత్తం మద్యనిషేధం వచ్చింది, అది రెండేళ్లకే సడలిపోయింది, అది వేరే సంగతి. ఆ మిగిలిన కూలి డబ్బుల్లోంచే రోజుకు రూపాయి చొప్పున పొదుపులక్ష్మి సంఘాలు పుట్టాయి, అవి కూడా మన నెల్లూరులోనే మొదలు.

మా అమ్మమ్మ పోయినప్పుడు మా తాతే అందరి ముందు చెప్పాడు, "నన్ను మనిషిని చేసింది ఆ చీపురుకట్టే" అని. ఆయన పరువు తగ్గలేదు.

అక్కా, మీ అమ్మ బియ్యం కొట్టులో డబ్బు దాచడం ఉపాయం. అది రాయకపోతే ఆమె తెలివి రాసినట్టు కాదు. ఎవరి వల్ల ఆ ఉపాయం అవసరమైందో రెండు మాటల్లో చెబితే చాలు, తిట్టక్కర్లేదు.


నల్లబల్ల మాస్టారు రాశారు:

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. నేనైతే ఇంకో మాట అంటాను. ఆయన బతికే ఉన్నారు కదా, ఆయన్నే అడగవచ్చు కదమ్మా. భార్య గురించి భర్త చెప్పేది పుస్తకంలో ఉండాలి. మీరు ముగ్గురూ పిల్లలుగా చూసిందే చెబుతున్నారు. పెళ్లైన కొత్తలో ఆమె ఎట్లా ఉండేదో ఆయన ఒక్కరికే తెలుసు.


కొత్తపట్నం గంప రాశారు:

మా అమ్మ చేపల గంపతో ఒంగోలు దాకా పోయేది. నడిచి కొంత, బస్సెక్కి కొంత. వాసన వస్తోందని బస్సులో వెనక సీటు వైపే నిలబెట్టేవాళ్లు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఒడ్డు దగ్గర పడవలు, వలలు పోయాయి. నాన్నకు పని లేక ఇంట్లో కూర్చుంటే అమ్మ లోపలి ఊళ్ల నుంచి ఎండుచేపలు కొనితెచ్చి అమ్మి నడిపింది. ఆమె చేసే పులుసు మట్టిదాకలో రాత్రి చేసి పొద్దున తినాలి, మామిడికాయ ముక్కలు పులుసు పీల్చుకుని ఉండాలి. ఇప్పుడు నేను అదే దాకలో చేస్తాను, అంత రాదు.

ఎక్కువ రాయడం రాదు. చదువుతున్నానని చెప్పడానికి రాశాను అక్కా.


మన్నేటి ఒడ్డు రాశారు:

మాస్టారు చెప్పిన తర్వాత ఈ ఆదివారం ఊరెళ్లి నాయన దగ్గర కూర్చున్నాను. అన్నయ్య కూడా ఉన్నాడు. ముందు పొలం సంగతులు అడిగి, తర్వాత విషయం చెప్పాం. చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత ఆయన చెప్పినవి నాకు తెలియని సంగతులు.

2000-01లో పొగాకుకు క్రాప్ హాలిడే ఇచ్చి పంట వేయనివ్వని ఏడు ఇంట్లో గింజ లేదట. అమ్మ పుట్టింటికి పోయి అన్న దగ్గర అడగకుండా, వాళ్ల చేలో మిరపకాయలు కోసే కూలికి దిగి, కూలి పట్టుకుని వచ్చిందట. సొంత అన్న చేలో కూలి. ఆ మామయ్య మా ఇంటికి వచ్చి ఏడ్చాడట.

2015లో రేటు పడిపోయినప్పుడు సంగతి ఇంకొకటి. ఆ ఏడు మన జిల్లాలో పొగాకు రైతులు ప్రాణాలు తీసుకున్న వార్తలు పేపర్లో రోజూ వచ్చేవి. నాయన అప్పుల్లో ఉన్నాడు, మా ఎవరికీ చెప్పలేదు. అమ్మ పసిగట్టింది. పురుగుమందు డబ్బాలన్నీ ఎత్తుకుపోయి పక్కింట్లో పెట్టించింది. రాత్రిళ్లు ఆయన మంచం పక్కనే చాప వేసుకుని పడుకుని, ఆయన లేస్తే తనూ లేచేది. నీళ్లకు లేచినా సరే, "ఏంది, ఎక్కడికి" అని అడిగేదట. పంట అమ్ముడుపోయేదాకా అట్లాగే ఉంది. "ఆ ఏడు నన్ను కాపలా కాసింది మీ అమ్మ, బ్యారన్‌ను కాసినట్టు" అన్నాడు నాయన. అంత మాట ఆయన నోటి నుంచి ఎప్పుడూ వినలేదు.

తాగుడు సంగతి రాయమన్నాడు. "రాసుకోండి, ఊరికి తెలియందా" అన్నాడు. అన్నయ్య ఇంకేమీ అనలేదు. నాయన ఒక్క సంగతి మాత్రం వద్దన్నాడు. అది అమ్మ తన తోడబుట్టినవాళ్లకు కూడా చెప్పకుండా దాచుకుంది, ఆయనకు ఒక్కడికే తెలుసు. ఆమె వద్దనుకుంది కాబట్టి వద్దన్నాడు. అది పుస్తకంలో రాయను, ఇక్కడా రాయను.


అద్దంకి పెద్దాయన రాశారు:

మీ నాయనగారి మాట విన్నాక నేను నా మాట పట్టుకుని కూర్చోను తల్లీ. ఆయన చెప్పినట్టే చేయండి. 2015 సంగతి తప్పక రాయండి. అప్పుల్లో ఉన్న మగవాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు చదవాల్సిన సంగతి అది.


టంగుటూరు ట్రాక్టర్ రాశారు:

మీరు రాసిన ఊరి గుర్తులు బట్టి నాకు మీ బ్యారన్ తెలుసనుకుంటున్నాను. వేలానికి బేళ్లు తోలేవాణ్ణి అప్పట్లో. మీ అమ్మగారే అయితే, లోడు ఎత్తేముందు ప్రతి బేలు దగ్గరా నిలబడి తాడు లాగి చూసేది. ఒకసారి మీడియంలో రెండు మూడు చేతుల లోగ్రేడ్ కలిపి కట్టారు కూలీలు. బేలు విప్పించింది. మేం తొందరపెట్టాం, వేలానికి ఆలస్యమవుతుందని. "ఒక్కసారి కలిపి పట్టుబడితే మన గుర్తు చూడగానే ఎప్పటికీ రేటు తగ్గిస్తారు" అంది. మళ్లీ వేరు చేసి కట్టేదాకా బండి కదలనివ్వలేదు. అందరికీ టీ పెట్టించింది, బెల్లం టీ.

ఆ రోజుల్లో మగ కూలికి ఒక రేటు, ఆడ కూలికి తక్కువ రేటు. గ్రేడింగ్ అంతా ఆడవాళ్లదే, పంట రేటు నిలబడేది ఆ గ్రేడింగ్ మీదే. అయినా కూలి తక్కువే. ఇది కూడా రాయండి.


మన్నేటి ఒడ్డు రాశారు:

అన్నా, అది మా అమ్మే. బెల్లం టీ అన్నాక ఇంక అనుమానం లేదు. మీకు మెసేజ్ పెట్టాను, వీలు చూసుకుని ఫోన్ చేయండి, నాయన కూడా మాట్లాడతానన్నాడు.


వేటపాలెం మగ్గం రాశారు:

పుస్తకం అచ్చు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. మా అమ్మ గురించి చిన్నది వేయించాను. మగ్గం మీద పేరు నాన్నది, కండెలకు నూలు చుట్టేది, ఆసు పోసి నూలు సిద్ధం చేసేది అమ్మ. మీరు రాసినట్టే, ఆమె పేరు కూడా ఎక్కడా లేదు.

అక్షరాలు పెద్దవిగా పెట్టించండి. చదివేవాళ్లలో సగం మంది ముసలివాళ్లే. ఫొటోలు రంగుల్లో కాకపోయినా ఫరవాలేదు, కింద ఎవరెవరు ఉన్నారో, ఏ ఊరో, ఏ ఏడో తప్పకుండా రాయండి. పాత ఫొటోల వెనక పేర్లు రాసే పని ఇప్పుడే మీ నాయనగారి చేత చెప్పించుకుని చేయండి. ప్రూఫు ఇంట్లో ఇద్దరు వేర్వేరుగా చూడాలి, చుట్టాల పేర్లలో తప్పు పడితే జీవితాంతం అంటారు. అమ్మ మాటలు ఆమె అన్నట్టే ఉంచండి, పుస్తకాల భాషలోకి మార్చొద్దు.

ఒక కాపీ లైబ్రరీకి ఇవ్వండి. మా ఊళ్లో సారస్వత నికేతనం 1918 నాటిది, పాత పత్రికలు, పుస్తకాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. మా అమ్మ పుస్తకం అక్కడ ఇచ్చాను. అక్కడికి పరిశోధనకు వచ్చేవాళ్లు ఎవరైనా నేత ఆడవాళ్ల గురించి వెతికితే దొరుకుతుంది.


చిన్న మనవడు రాశారు:

పిన్నీ, వాయిస్ మెసేజ్‌లు అన్నీ దించాను. కొన్నింట్లో వెనక గేదె అరుపు కూడా ఉంది. ఒకదాంట్లో ఆవకాయ కొలత చెప్పింది. సోలతో చెప్పింది, సోల అంటే ఎంతో నాకు తెలియదు. అమ్మను అడిగితే అమ్మమ్మ సోల వేరే, ఆ సోలతోనే కొలవాలి అంది. ఆ సోల ఊళ్లోనే ఉందా? ఎవరూ ఎత్తుకుపోకుండా చూడు. ఈ వేసవికి అక్కా నేను వచ్చి పెడతాం.

ఇంకోటి, మామయ్యకు చెప్పు, పుస్తకంలో అమ్మమ్మ పేరు పక్కన "గృహిణి" అని వేయించొద్దని. "పొగాకు రైతు" అని వేయించమను.


మన్నేటి ఒడ్డు రాశారు:

సోల ఉంది అబ్బయా, గాదె పక్కన గూట్లో. నేను తెచ్చి నా దగ్గర పెట్టుకున్నాను. కారం, ఆవపిండి, ఉప్పు ఆ సోలతో ఎన్నెన్నో రాసి పుస్తకం చివర పేజీలో పెడదాం.

పేరు పక్కన ఏం వేయాలన్నది అన్నయ్యతో మాట్లాడాను. ఒప్పుకున్నాడు. "పొగాకు రైతు, గ్రేడింగ్ పనిమంతురాలు" అని వేయిస్తున్నాం.

గ్రేడింగ్ షెడ్డులో అమ్మతో పనిచేసిన ఇద్దరు పెద్దమ్మలు ఇప్పుడు కావలిలో కూతుళ్ల దగ్గర ఉన్నారని తెలిసింది. వచ్చే వారం వాళ్ల దగ్గరకు పోతున్నాను. కందుకూరు, లింగసముద్రం, గుడ్లూరు వైపు ఎనభైల్లో, తొంభైల్లో గ్రేడింగ్‌కు వెళ్లినవాళ్లు మీ ఇళ్లలో ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. వాళ్ల పేర్లు కూడా పుస్తకంలో వేస్తాను. ఒక పేజీ వాళ్లకే ఉంచమని ప్రెస్సులో చెప్పాను.